బాయిలర్‌కు ఊక సక్రమంగా అందడం లేదు: హాపర్, స్క్రూ ఫీడర్ విషయంలో సలహా కావాలి

వేములపల్లి_మెకానిక్:
అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గరి ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో యంత్రాల నిర్వహణ చూస్తున్నాను. గంటకు 3 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్ మాది, ఊకతోనే నడుస్తుంది. బాయిలర్ పక్కన నలువైపులా ఏటవాలుగా కిందికి సన్నబడే చదరపు హాపర్ (ఊక నింపే తొట్టె) ఉంది. దాని అడుగున 80 అంగుళాల పొడవైన నోరు, ఆ నోటి కింద 12 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల పిచ్ గల, ఊకను పొయ్యి వైపు తోసే స్క్రూ ఉన్నాయి. పిచ్ (స్క్రూ రెక్క ఒక చుట్టుకూ తరువాతి చుట్టుకూ మధ్య దూరం) మొదటి నుంచి చివరిదాకా ఒకటే. యాసంగి వడ్లు ఆడినంత కాలం పెద్దగా ఇబ్బంది రాలేదు కానీ, వానలు మొదలై బయటి కుప్పలోని ఊకకు చెమ్మ పట్టినప్పటి నుంచి హాపర్‌లో గూడు కడుతోంది. పైన చూస్తే నిండుగా ఉంటుంది, కింద స్క్రూ వట్టిగా తిరుగుతుంది, ఆవిరి పీడనం పడిపోతుంది, నానబెట్టిన వడ్లు ఉడకక ట్యాంకులోనే ఉండిపోతాయి. బాయిలర్ పొయ్యి చూసుకునే ఫైర్‌మ్యాన్ ఇనుప చువ్వతో పొడిస్తే ఒక్కసారిగా ఊకంతా కూలి పొయ్యి నిండా పడుతుంది, పొగగొట్టం నల్లగా పొగ చిమ్ముతుంది. ఇప్పుడున్న 5 హెచ్‌పీ మోటారు తీసి పెద్దది వేద్దామని మా యజమాని అంటున్నారు. అది సరైన మార్గమేనా, హాపర్‌నే మార్చాలా అన్నది అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

మోటారు_వైండింగ్:
చెమ్మ ఊక బరువెక్కుతుంది కాబట్టి 7.5 హెచ్‌పీ వేసుకుంటే తప్పేమీ లేదు. గేర్‌బాక్స్ ఆ బలాన్ని తట్టుకుంటుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

నల్గొండ_పాలిటెక్నిక్:
మోటారు మార్చే ముందు ఒక ప్రశ్న అడగవలసి ఉంది. ఊక రానప్పుడు మోటారు ఆంపియర్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? పెరుగుతుంటే స్క్రూలో ఊక ఇరుక్కుని మోటారు ఈడ్వలేకపోతున్నదని అర్థం, అప్పుడు పై సలహాలో కొంత న్యాయం ఉంటుంది. తగ్గుతుంటే మోటారుకు పనే లేదు. తన దగ్గరికి రాని సరుకును ఎంత పెద్ద మోటారైనా ముందుకు తోయలేదు.

వడ్లు, బియ్యం వంటి గింజలకు ఒక మంచి గుణం ఉంది. రంధ్రం గింజ కంటే తగినంత పెద్దదైతే పైన ఎంత ఎత్తు సరుకున్నా కింద దాదాపు ఒకే వేగంతో కారుతుంది. గోతాం నిండుగా ఉన్నా సగమే ఉన్నా మూలన పడిన చిల్లు నుంచి వడ్లు ఒకే తీరుగా కారడం హమాలీలందరూ చూసే ఉంటారు. పైబరువులో చాలా భాగాన్ని పక్కగోడలు రాపిడి ద్వారా మోస్తాయి కాబట్టి లోతు పెరిగిన కొద్దీ అడుగున ఒత్తిడి నీటిలో పెరిగినట్టు పెరుగుతూ పోదు, ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. ఈ సంగతిని జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు 1895లోనే లెక్కగట్టి చూపించాడు. అందువల్ల హాపర్ నిండా పోస్తే ఆ బరువుకు ఊక దానంతటదే దిగుతుందన్న నమ్మకం నిలవదు. పైగా ఊక తేలికైనది, పడవ ఆకారంలో ఉండి ఒకదానిలో ఒకటి చిక్కుకునేది, గరుకైనది. ఘనపు మీటరు వడ్లు సుమారు 575 నుంచి 600 కిలోలు తూగితే, అంతే ఊక 100 నుంచి 150 కిలోలకు మించదు. గూడును కూల్చడానికి కావలసిన సొంత బరువు దానికి లేదు.

ఇంకొక పరీక్ష చేయండి. హాపర్ నిండుగా నింపి, స్క్రూ నడుస్తుండగా బయటి నిచ్చెన మీది నుంచి చూడండి. ఊక ఉపరితలం అంతటా సమంగా దిగుతున్నదా, నడుమ గుంట పడుతున్నదా, లేక ఒక చివరనే దిగుతున్నదా? హాపర్‌లోకి ఎవరూ కాలు పెట్టకూడదు.

వేములపల్లి_మెకానిక్:
సార్, మీరు చెప్పినట్టే చూశాను. ఊక రానప్పుడు ఆంపియర్లు తగ్గుతున్నాయి, ఎక్కడా పెరగడం లేదు. ఉపరితలం మాత్రం బాయిలర్‌కు దూరంగా ఉన్న వెనుక గోడ పక్కనే బావిలా దిగుతోంది. బాయిలర్ వైపున్న ముందు భాగంలో ఊక అసలు కదలడం లేదు. హాపర్ ఖాళీ చేయించి, మెయిన్ స్విచ్ తీసి తాళం వేశాక బయటి తలుపు తెరిపించి చూస్తే, ఆ మూలన ఉన్నది నల్లబడి బూజు పట్టిన పాత ఊక. ఎప్పుడు పోసిందో ఎవరికీ గుర్తు లేదు.

షెడ్డు_వెల్డర్:
మీ జబ్బు స్క్రూలోనే ఉంది. ఇటువంటి స్క్రూలు ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు తరచుగా వస్తుంటాయి. కన్వేయర్ కోసం చేసిన స్క్రూను తెచ్చి ఫీడర్‌గా బిగించడం మన ప్రాంతంలో సాధారణమైపోయింది, కానీ ఆ రెండూ వేరు. కన్వేయర్‌లోకి సరుకు ఒక చివర పడుతుంది, స్క్రూ దాన్ని మోసుకుపోతే చాలు. ఫీడర్ మీద మాత్రం పొడవునా సరుకు నిలబడి ఉంటుంది. పిచ్ అంతటా ఒకటే అయినప్పుడు వెనుక గోడ దగ్గరి మొదటి చుట్టులోనే స్క్రూ నిండిపోతుంది. నిండిన చుట్టు ముందుకు జరుగుతూ వస్తుంటే, దాని మీద నిలబడిన ఊకకు దిగేందుకు చోటెక్కడిది? కాబట్టి వెనుక నుంచి మాత్రమే దిగుతుంది, ముందున్నది పాతబడి అట్ట కడుతుంది, 80 అంగుళాల నోరున్నా మీకు పనికొచ్చేది వెనుక ఒకటి రెండు అడుగులే. చెమ్మ ఊక ఆ చిన్న బావి మీద సులభంగా గూడు కట్టేస్తుంది.

దీనికి మందు పిచ్‌ను మెట్లు మెట్లుగా పెంచుకుంటూ రావడం. మొదటి 24 అంగుళాలకు 4 అంగుళాల పిచ్‌తో 6 చుట్లు, తరువాతి 24 అంగుళాలకు 6 అంగుళాల పిచ్‌తో 4 చుట్లు, మిగిలిన 32 అంగుళాలకు 8 అంగుళాల పిచ్‌తో 4 చుట్లు వేస్తే మీ నోటికి సరిగ్గా సరిపోతుంది. షాఫ్టు మార్చనక్కరలేదు, పాత రెక్కలు కోసి కొత్తవి అతికితే చాలు. పిచ్ పెంచుకుంటూ పోయే బదులు వెనుక వైపు షాఫ్టుకు శంకువులాంటి తొడుగు వేసి, లావు క్రమంగా తగ్గేలా చేసే పద్ధతి కూడా ఉంది; ఫలితం అదే.

హాపర్‌కు వైబ్రేటర్ బిగించమని ఎవరైనా చెబితే వినకండి. సరుకు కింద నుంచి పోతున్నప్పుడు వైబ్రేటర్ కొంత సాయపడుతుంది గానీ, కింద దారి మూసుకుపోయాక నడిపితే ఊకను ఇంకా గట్టిగా దిమ్మిస్తుంది. ప్లేటు వెల్డింగులు పగలడం అదనం.

నల్గొండ_పాలిటెక్నిక్:
వెల్డర్ గారు చెప్పిన మెట్లను లెక్కలో పెడితే ఏ భాగం నుంచి ఎంత ఊక దిగుతుందో తెలుస్తుంది. స్క్రూ ఒక్కసారి తిరిగితే మొదటి మెట్టు 4 పాళ్ల సరుకు లాగుతుంది. రెండవ మెట్టులో చోటు 6 పాళ్లకు పెరిగింది కాబట్టి అక్కడ కొత్తగా 2 పాళ్లు దిగుతాయి, మూడవ మెట్టులో మరో 2. అంటే సగం వెనుక నుంచి, పావు నడుమ నుంచి, పావు ముందు నుంచి. పూర్తి సమానం కాకపోయినా ఇప్పటి స్థితి కంటే ఎంతో మేలు. మెట్లు ఎన్ని ఎక్కువైతే అంత సమంగా దిగుతుంది, అంత ఖర్చూ పెరుగుతుంది.

ఇక పరిమాణం చాలుతుందా అన్నది చూద్దాం. ఊకలో కిలోకు సుమారు 3,000 కిలోకేలరీల వేడి ఉంటుంది. బాయిలర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, టన్ను ఆవిరికి దరిదాపు 290 కిలోలు, 3 టన్నులకు 870 కిలోలు కావాలి. ఘనపు మీటరుకు 110 కిలోల చొప్పున అది గంటకు సుమారు 8 ఘనపు మీటర్లు. మూడున్నర అంగుళాల షాఫ్టుతో, చివరి మెట్టు 8 అంగుళాల పిచ్‌తో, స్క్రూ మూడింట రెండు వంతులకు కొంచెం పైగా నిండుతుందనుకుంటే అది ఒక్కసారి తిరిగితే 9 లీటర్లు వస్తాయి. కాబట్టి నిమిషానికి 15 చుట్లు చాలు. దీనికి 7.5 హెచ్‌పీ ఎందుకో నాకు బోధపడటం లేదు.

అయితే స్క్రూ మార్చినంత మాత్రాన గూడు కట్టడం పూర్తిగా పోతుందని నేను అనను. 1964లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం నుంచి ఆండ్రూ జెనికే వెలువరించిన పరిశోధన ఈ రంగానికి పునాది. హాపర్ గోడ నిటారుతనం, గోడకూ సరుకుకూ మధ్య రాపిడి, నోటి వెడల్పు, ఈ మూడూ కుదిరితేనే సరుకు మొత్తం ఒకేసారి కదులుతుంది. లేకపోతే నడుమ ఒక గొట్టంలా మాత్రమే దిగి చుట్టూ ఉన్నది నిలిచిపోతుంది. మీ నోరు పొడవుగా ఉన్నది గానీ వెడల్పు 13, 14 అంగుళాలకు మించి ఉండదు. చెమ్మ ఊకకు అది ఇరుకే.

జడ్చర్ల_టాబ్లెట్:
నేను పోలేపల్లి ఔషధ సెజ్‌లో మాత్రల యంత్రం మీద పనిచేస్తాను. మా పొడులు ఊకకు పూర్తిగా భిన్నమైనవే అయినా సమస్య మాత్రం చుట్టమే. మా యంత్రంలో మాత్ర అచ్చయ్యే ప్రతి గుంటా పొడితో నిండేది పరిమాణం చొప్పున, మందు ఉండవలసినది బరువు చొప్పున. పొడి ఒకచోట వదులుగా, ఒకచోట గట్టిగా పడితే మాత్ర బరువు మారిపోతుంది. అందుకే గుంటల మీద తిరిగే రెక్కలతో పొడిని బలవంతంగా నింపే ఏర్పాటు ఉంటుంది. జారుడు కోసం మెగ్నీషియం స్టియరేట్ వంటివి కలుపుతారు గానీ, ఆ రెక్కలు పొడిని మరీ ఎక్కువ కలియబెడితే ఆ జారుడు పూత గింజలకంతా పట్టి, మాత్ర మెత్తబడిపోతుంది. సరుకును కదపడంలోనూ మోతాదు ఉండాలని చెప్పడానికే ఇది రాశాను. ఊకకు అటువంటి జారుడు కలపలేరు కాబట్టి నెమ్మదిగా కదిపే చేతులే దిక్కు.

షెడ్డు_వెల్డర్:
జడ్చర్ల మిత్రులు అన్నది సరైన మాట. స్క్రూకు పైన, హాపర్ ఇరుకయ్యే చోట ఒక అడ్డ షాఫ్టు పెట్టి దానికి అటూ ఇటూ చేతులు అతికి, నిమిషానికి రెండు మూడు చుట్లకు మించకుండా తిప్పితే గూడు నిలవదు. వేగంగా తిప్పితే మాత్రం చేతుల చుట్టూ ఖాళీ గొట్టం ఏర్పడి, ఆ పైన మళ్లీ గూడు కడుతుంది.

హుజూర్‌నగర్_సిమెంట్:
నేను సూర్యాపేట జిల్లాలో సిమెంటు పరిశ్రమలో ఉన్నాను. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు ఉన్న సున్నపురాయి మీదే మా అందరి బతుకు. వానాకాలంలో రాయితోపాటు బంకమన్ను వచ్చి హాపర్ గోడలకు అంటుకోవడం మాకు ఏటా ఉండే తలనొప్పి. గోడలకు నునుపైన ప్లాస్టిక్ పలకలు బిగించడం, గూడు కట్టే చోట గాలి ఫిరంగులు పెట్టి ఒక్కసారిగా గాలి వదలడం మేము చేసే పనులు. రాతికి అవి పనిచేస్తాయి. ఊకకు గాలి ఫిరంగి వద్దు. బాయిలర్ పక్కన ఊక ధూళి గాలిలోకి లేవడం అగ్గిని పిలవడమే.

మీరు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. స్క్రూ ఊకను మోయడమే కాదు, పొయ్యికి తలుపులాగా కూడా పనిచేస్తుంది. గొట్టం నిండా ఊక ఉన్నంతసేపు పొయ్యిలోని పీల్పుకు బయటి గాలి ఆ దారిన లోపలికి రాదు, పొయ్యి మంట వెనక్కి పాకదు. గూడు కట్టి స్క్రూ ఖాళీ అయినప్పుడు ఆ తలుపు తెరుచుకున్నట్టే. మొదట చల్లగాలి చొరబడి పొయ్యి చల్లబడుతుంది. ఏ కారణం చేతనైనా ఐడీ ఫ్యాను (పొయ్యిలోని పొగను పొగగొట్టంలోకి లాగే ఫ్యాను) ఆగితే వేడి వెనక్కి తన్ని హాపర్‌లోని ఊక అంటుకునే ప్రమాదం ఉంది. కాబట్టి స్క్రూకూ పొయ్యికీ మధ్య రోటరీ ఎయిర్‌లాక్ (తిరిగే రెక్కలతో ఊకను పోనిచ్చి గాలిని ఆపే వాల్వు) తప్పకుండా ఉండాలి. దాని రెక్కల చివర సందు అరిగి పెరిగితే అది ఉన్నా లేనట్టే, ఏడాదికోసారి చూసుకోండి.

కొలత విషయానికి వస్తే, మేము సరుకును పరిమాణంతో నమ్మం, బరువుతోనే నమ్ముతాం. వే ఫీడర్ (సరుకును తూచి పంపే బెల్టు) కింద ఉండే లోడ్ సెల్ అనే తూకపు పరికరం మీటరు పొడవు బెల్టు మీద ఎంత బరువుందో చెబుతుంది, దాన్ని బెల్టు వేగంతో హెచ్చిస్తే గంటకు ఎంత పోతున్నదో వస్తుంది. మీటరుకు 20 కిలోలు, వేగం సెకనుకు పావు మీటరు అయితే సెకనుకు 5 కిలోలు, గంటకు 18 టన్నులు. బరువు తగ్గితే బెల్టు దానంతటదే వేగం పెంచుకుంటుంది. మీ మిల్లుకు అంత ఖరీదైన ఏర్పాటు అవసరం లేదు గానీ, చెమ్మ ఊకకూ ఎండు ఊకకూ ఒకే చుట్ల వేగం పెడితే పొయ్యిలోకి పోయే వేడి ఒకటి కాదని గుర్తుంచుకోవాలి.

దేవరకొండ_జిన్నింగ్:
బరువు కొలవలేకపోతే యంత్రం చేస్తున్న పనిని కొలవవచ్చు. మా జిన్నింగ్ మిల్లులో గింజల నుంచి దూదిని వేరుచేసే డబుల్ రోలర్ జిన్నులకు పత్తిని ఆటో ఫీడర్ అందిస్తుంది. పత్తి మందంగా పడితే గింజలు కింద రాలడానికి చోటు లేక రోలరు మీదే రాపిడి పడుతుంది, తోలు రోలరు వేడెక్కుతుంది, దూది మిల్లులో ఆ వేడి ఎంత భయమో చెప్పనవసరం లేదు. అందుకని జిన్ను మోటారు ఆంపియర్లు ఒక హద్దు దాటగానే ఫీడర్ నెమ్మదించేలా పెట్టుకున్నాం. మీ బాయిలర్‌కు ఆవిరి పీడనమే ఆ సంకేతం. పీడనం చూసి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) స్క్రూ వేగాన్ని మార్చేలా పెట్టించండి.

హుజూర్‌నగర్_సిమెంట్:
ఇందులో నాకు కొంత అభ్యంతరం ఉంది. గూడు కట్టి ఊక రాకపోవడం వల్ల పీడనం పడితే, ఆ వీఎఫ్‌డీ స్క్రూ వేగాన్ని పెంచుతూ పోతుంది. గూడు కూలిన క్షణాన అత్యధిక వేగంలో ఉన్న స్క్రూ ఊకంతటినీ పొయ్యిలోకి కుమ్మరిస్తుంది. ఇప్పుడు చువ్వతో పొడిస్తే జరుగుతున్నదే మరింత ఎక్కువగా జరుగుతుంది. ముందు ప్రవాహం సరిదిద్దాలి, ఆ తరువాతే నియంత్రణ. వేగానికి పై హద్దు కూడా కట్టాలి.

దేవరకొండ_జిన్నింగ్:
ఒప్పుకుంటున్నాను. స్క్రూ మోటారు ఆంపియర్లు వట్టి లోడుకు పడిపోతే వేగం పెంచకుండా గంట మోగించే ఏర్పాటు చేర్చితే మీ అభ్యంతరం తీరుతుంది.

త్రిపురారం_మిల్లు:
ఈ చర్చలోనే ఒక చిన్న ప్రశ్న. మా షెల్లర్‌లో (వడ్ల పొట్టు ఒలిచే యంత్రంలో) రబ్బరు రోళ్లు నడుమనే అరిగి గాడి పడుతున్నాయి, అంచులు కొత్తగానే ఉంటున్నాయి. రోళ్ల నాణ్యతే కారణమా?

వేములపల్లి_మెకానిక్:
మీ ఫీడ్‌ను చూడండి. రెండు రోళ్లు వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరుగుతూ వడ్ల పొట్టును ఒలుస్తాయి కనుక, వడ్లు రోలు వెడల్పంతా పలుచని తెరలా పడాలి. హాపర్ గేటు నడుమ మాత్రమే తెరుచుకుంటున్నా, కింది జారుడు పలక వంగినా వడ్లన్నీ మధ్యనే పడి అక్కడే అరుగుతుంది. నడుమ గాడిలోంచి జారిపోయి పొట్టు ఊడని వడ్లు, బియ్యాన్నీ వడ్లనూ వేరుచేసే సెపరేటర్ నుంచి ఎక్కువగా తిరిగి వస్తున్నాయంటే అదే గుర్తు. వైబ్రేటరీ ఫీడర్ ఉంటే దాని పట్టీ స్ప్రింగులు విరిగాయేమో చూడండి. తొట్టెకు అరగకుండా అదనపు ప్లేటు ఎవరైనా అతికారా? బరువు మారితే ఆ ఫీడర్ శ్రుతి తప్పి ఊపు తగ్గుతుంది, అప్పుడు ఎంత కరెంటు పెంచినా లాభం ఉండదు.

మోటారు_వైండింగ్:
ఆ స్ప్రింగులు ఒకటే విరిగినా సెట్టు మొత్తం మార్చండి. కొత్తదీ పాతదీ కలిపితే తొట్టె ఒకవైపుకు కొట్టుకుంటుంది.

వేములపల్లి_మెకానిక్:
ఇక్కడ వచ్చిన సలహాలన్నీ మా యజమానికి చదివి వినిపించాను. మోటారు మార్చడం లేదు. మెట్ల పిచ్‌తో రెక్కలు వేయించాం. హాపర్ ముందు గోడను ఏటవాలు తీసేసి నిటారుగా కట్టించి, పైన నెమ్మదిగా తిరిగే అడ్డ షాఫ్టు పెట్టాం. కుప్ప మీద తాటిపత్రి కప్పించాం. ఇప్పుడు ఉపరితలం మూడు చోట్లా దిగుతోంది, వెనుక కొంచెం వేగంగా, ముందు కొంచెం నెమ్మదిగా, సార్ లెక్క చెప్పినట్టే. ఆవిరి పీడనం పడిపోవడం ఆగింది. పెద్ద వాన పడిన రోజు మాత్రం వెనుక మూలన ఇంకా అప్పుడప్పుడు గూడు కడుతోంది. వెనుక గోడ ఏటవాలు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఆఫ్ సీజన్‌లో కోస్తాం. రోటరీ ఎయిర్‌లాక్‌కు ఆర్డరు పెట్టాం. అది వచ్చేలోపు మంట వెనక్కి పాకకుండా ఏం చేయవచ్చు?

హుజూర్‌నగర్_సిమెంట్:
స్క్రూ గొట్టం మీద, పొయ్యికి ఒక మీటరు ఇవతల, వేడిని పట్టే థర్మోస్టాట్ వాల్వు బిగించి దానికి పై ట్యాంకు నుంచి నీటి గొట్టం కలపండి. హద్దు దాటి వేడెక్కితే వాల్వు దానంతటదే తెరుచుకుని గొట్టంలోకి నీరు పోస్తుంది. అది కరెంటు మీద ఆధారపడకూడదు, ఎందుకంటే కరెంటు పోయినప్పుడే మంట వెనక్కి వస్తుంది. హాపర్‌లో ఊక ఒక అడుగు లోతుకు తగ్గగానే గంట మోగే లెవల్ స్విచ్ పెట్టండి. బాయిలర్ ఆపేటప్పుడు ముందు స్క్రూ ఆపి, గొట్టంలో ఊక నిండుగా ఉండగానే పొయ్యిలో మిగిలింది కాలనిచ్చి, ఐడీ ఫ్యానును చివర ఆపమని ఫైర్‌మ్యాన్‌కు చెప్పండి.

షెడ్డు_వెల్డర్:
ఆ నీటి వాల్వు కోసం గొట్టానికి రంధ్రం చేసేటప్పుడు దాని నోరు ఊకతో మూసుకుపోకుండా చూసుకోండి. వెల్డింగ్‌కు ముందు స్క్రూ గొట్టం పూర్తిగా ఖాళీ చేసి, హాపర్‌ను తడిపి, పక్కన నీళ్లు ఉంచుకోండి.